పురీషనాళం కోసిన తరువాత

నెలసరి మొదటి రెండు రోజులూ మలవిసర్జనకు కూర్చోవాలంటేనే నాకు భయం వేసేది. గాజుపెంకు దిగబడినట్టు మొదలైన నొప్పి నడుము దాకా పాకేది. ఆరేళ్లపాటు దానిని మొలలన్నారు, గ్యాస్ అన్నారు, ఒక వైద్యుడైతే ఉద్యోగపు ఒత్తిడి అని తేల్చేశారు. కొలనోస్కోపీలోనూ ఏమీ కనిపించలేదు. నాది ఎండోమెట్రియోసిస్ అనీ, అందులో గర్భసంచి లోపలి పొరను పోలిన కణజాలం పురీషనాళపు బయటి గోడ మీద నాటుకుని కండరంలోకి దిగుతుందే తప్ప లోపలి పొర దాకా రావడం అరుదనీ, అందువల్ల లోపలి నుంచి చూసే గొట్టానికి అది సాధారణంగా చిక్కదనీ ఎంఆర్ఐలో మూడున్నర సెంటీమీటర్ల గడ్డ బయటపడిన తరువాత గానీ నాకు తెలియలేదు.

2023 జూన్‌లో ఆపరేషన్ జరిగింది. గడ్డను పైపైన గీకి తీయడానికి గానీ, అది ఉన్న మేరకు గుండ్రంగా కోసి తీయడానికి గానీ వీలు కాకపోవడంతో, అక్కడి పేగు ముక్కనే తొలగించి రెండు కొసలనూ స్టేప్లర్‌తో కలిపారు. మలం బయటికి వచ్చేందుకు పొట్ట మీద సంచి పెట్టవలసి రావచ్చని ముందే సంతకం చేయించుకున్నారు గానీ, ఆ అవసరం రాలేదు.

పాత నొప్పి పోయింది. దాని బదులు, మొదటి నెలల్లో రోజుకు పది పన్నెండు సార్లు వెళ్లవలసి వచ్చేది. చేతులు కడుక్కుని వచ్చి కుర్చీలో కూర్చునేలోపే మళ్లీ లేవవలసి వచ్చేది. వెళితే వచ్చేది శనగగింజంత. "ఏమిటే, ఇప్పుడేగా వచ్చావు?" అని అమ్మ అడిగితే ఏం చెప్పాలో తోచేది కాదు. పురీషనాళం మలాన్ని నిలవ ఉంచే సంచి వంటిదనీ, దానిలో కొంత పోతే మిగిలినది కొద్దిపాటికే నిండినట్టు సంకేతం పంపుతుందనీ, చుట్టూ ఉండే సన్నని నరాలు దెబ్బతింటే గ్యాస్‌కూ మలానికీ తేడా సరిగా తెలియదనీ ఆపరేషన్‌కు ముందే నాకు ఎవరైనా చెప్పి ఉండవలసింది.

నేను హైస్కూలు ఉపాధ్యాయురాలిని. నలభై అయిదు నిమిషాల పీరియడ్‌లో రెండుసార్లు తరగతి విడిచి పరుగెత్తిన రోజులున్నాయి. మూడో నెలలో ఫిజియోథెరపిస్టు నా చేత అయిదు ప్రశ్నలకు జవాబులు రాయించారు. పురీషనాళ క్యాన్సర్‌కు ఆపరేషన్ అయినవారి కోసం డెన్మార్క్ వైద్యులు 2012లో ప్రచురించిన కొలమానమది. మొత్తం 42 మార్కులు. 30 గానీ అంతకు మించి గానీ వస్తే సమస్య తీవ్రమని అర్థం. నాకు 38 వచ్చాయి. మార్కులు వేయడమే వృత్తిగా బతికేదాన్ని కాబట్టి, వాటిని ఎలా పంచారా అని చూశాను. రోజుకు ఏడుసార్లకు మించి వెళ్లినా 4 మార్కులే; వారానికి ఒక్కసారైనా ఆగలేక పరుగెత్తితే మాత్రం 16. ఎన్నిసార్లు అన్నది కాదు, ఆగగలమా లేదా అన్నదే మనిషిని ఇంట్లో కట్టిపడేస్తుందని ఆ పట్టిక చేసినవారికి బాగా తెలిసినట్టుంది.

ఆగడం మళ్లీ నేర్చుకోవలసి వచ్చింది. లోపల చిన్న బెలూన్ ఉంచి, అందులోకి గాలి కొద్దికొద్దిగా ఎక్కిస్తూ, "ఇంకొంచెం ఆగగలరా అమ్మా?" అని ఫిజియోథెరపిస్టు అడిగేవారు. మొదట సిగ్గుతో కుంచించుకుపోయాను. నాలుగో వారానికి గోడ గడియారం చూస్తూ లెక్కపెట్టడం అలవాటైంది. డాక్టరుగారి సలహాపై మలం గట్టిపడేందుకు ఇసబ్గోల్‌ను తక్కువ నీళ్లతో, బడికి వెళ్లే రోజుల్లో పేగు కదలికను నెమ్మదింపజేసే లోపెరమైడ్ మాత్రను ఉదయం తిండికి అరగంట ముందు వేసుకునేదాన్ని. ఆవకాయను నెలల తరబడి ముట్టలేదు. నిజం చెప్పాలంటే అన్నిటికన్నా కష్టమైంది అదే.

2024 మార్చిలో పదో తరగతి పరీక్షలకు ఇన్విజిలేటర్‌గా వేశారు. తప్పించుకోవచ్చు, కానీ వెళ్లాను. రెండో గంటలో ఒత్తిడి మొదలైంది. కిటికీ ఊచ పట్టుకుని, కింది కండరాలు బిగించి, నేర్పినట్టే నెమ్మదిగా ఊపిరి తీస్తూ నిలబడ్డాను. మెల్లగా అది సద్దుమణిగింది. రిలీవర్ వచ్చేసరికి పన్నెండు నిమిషాలు గడిచాయి. ఆయనకు కాగితాల కట్ట అప్పగించి, పరుగెత్తకుండా నడిచే వెళ్లాను. ఆ వారం మళ్లీ వేసుకున్న లెక్కలో 26 వచ్చింది. రోజుకు నాలుగైదు సార్లు ఇప్పటికీ వెళ్తాను.