పిల్లల బ్యాటరీ కారుకు ఎంత బలం చాలు?

పిల్లలు ఎక్కి నడిపే బ్యాటరీ కారు కొనేటప్పుడు పెద్దలు సాధారణంగా అది గంటకు ఎన్ని కిలోమీటర్ల వేగంతో పోతుందని అడుగుతారు. మూడేళ్ల మా పాప కోసం కొన్న కారును విప్పి, దాని మోటార్ల శక్తిని తగ్గించే పనిలో పడిన తరువాత నాకు అంతకంటే ముఖ్యమనిపించిన ప్రశ్న మరొకటి ఉంది. పెడల్ నొక్కిన తొలి క్షణంలో మోటార్లలోకి ఎంత కరెంటు వెళుతుంది? బిడ్డ తల ఒక్కసారిగా వెనక్కి ఊగేది, గేర్ల ప్లాస్టిక్ పళ్ల మీద అత్యధిక ఒత్తిడి పడేది ఆ క్షణంలోనే.

ఈ కార్లలో చాలావాటి నిర్మాణం ఒకటే. ఒక 12 వోల్టుల సీల్డ్ లెడ్ యాసిడ్ బ్యాటరీ, వెనక చక్రాలకు చెరొక డీసీ మోటారు, ప్రతి మోటారుకు ఒక ప్లాస్టిక్ గేర్‌బాక్స్ ఉంటాయి. తిరుగుతున్న మోటారు తనకు అందే వోల్టేజీకి ఎదురుగా తానే కొంత వోల్టేజీని పుట్టిస్తుంది కనుక, చదునైన నేల మీద నడుస్తున్న బండికి ఒక్కో మోటారుకు నాలుగైదు ఆంపియర్లు సరిపోతాయి. ఆగి ఉన్న మోటారులో ఆ ఎదురు వోల్టేజీ ఉండదు. కరెంటును ఆపగలిగేది తీగచుట్ట నిరోధం ఒక్కటే. ఆ నిరోధం పావు ఓమ్ అనుకుంటే, కాగితం మీద లెక్క ఒక్కో మోటారుకు 48 ఆంపియర్లు. వైర్లు, బ్యాటరీ లోపలి నిరోధం దీన్ని కొంత తగ్గించినా, మోటారు తిప్పే బలం కరెంటుతో పాటే పెరుగుతుంది కాబట్టి, నడకలో కావలసిన దానికి ఎన్నో రెట్ల బలం మొదటి కుదుపులోనే చక్రాలకు చేరుతుంది. ముందుకు పోతున్న బండిని ఆపకుండానే పిల్లలు రివర్స్ స్విచ్ వేసినప్పుడు పరిస్థితి మరీ తీవ్రం. అప్పుడు ఎదురు వోల్టేజీ బ్యాటరీ వోల్టేజీకి అడ్డు పడకపోగా దానికి తోడవుతుంది. గేరు పళ్లు విరగడానికి పిల్ల బరువు కంటే ఇదే పెద్ద కారణమని నా అభిప్రాయం.

వేగం సంగతీ తక్కువది కాదు. పిల్ల, బండి కలిసి 30 కిలోలు ఉంటే గంటకు 4 కిలోమీటర్ల వేగంలో ఉండే శక్తి సుమారు 18 జౌల్స్. 8 కిలోమీటర్ల దగ్గర అది 74. వేగం రెట్టింపయితే దెబ్బ నాలుగింతలవుతుంది. మనిషి మామూలు నడక గంటకు నాలుగైదు కిలోమీటర్లు. బిడ్డ వెంట ఉండే అమ్మమ్మో నానమ్మో పరుగెత్తనక్కరలేకుండా చేయి వేసి ఆపగలిగిన వేగమే ఈ వయసుకు తగిన వేగమని నేను నమ్ముతున్నాను.

ఈ వేగాన్ని, బలాన్ని తగ్గించడానికి తేలికగా తట్టే మార్గం బ్యాటరీకీ మోటార్లకూ మధ్యలో ఒక రెసిస్టర్ (కరెంటుకు నిరోధం పెంచే భాగం) పెట్టడం. దీన్ని నేను ఎవరికీ సూచించను. రెండు మోటార్లు కలిపి 8 ఆంపియర్లు తీసుకుంటున్నప్పుడు 6 వోల్టులు తగ్గించాలంటే ముప్పావు ఓమ్ రెసిస్టర్ కావాలి, అది ప్లాస్టిక్ బాడీ లోపల 48 వాట్ల వేడిని విడుదల చేస్తుంది. అంతకన్నా పెద్ద లోపం మరొకటి ఉంది. కరెంటు పెరిగేకొద్దీ రెసిస్టర్ మింగే వోల్టేజీ కూడా పెరుగుతుంది కనుక, గడప ఎక్కడానికి మోటారుకు బలం అవసరమైనప్పుడు ఒక్కోదానికి 7 ఆంపియర్లు కూడా అందవు. బండి చదునులో చక్కగా పోయి, చిన్న ఎత్తు దగ్గర నిలబడిపోతుంది.

రెండు మోటార్లను ప్యారలల్ (రెండూ విడివిడిగా బ్యాటరీకి కలిసి ఉండటం) నుంచి సిరీస్‌కు (ఒకదాని వెనక ఒకటి ఒకే దారిలో కలిసి ఉండటం) మార్చడం చాలా మంచి పద్ధతి. రెండు వేగాలున్న కార్లలో చాలావాటిలో తక్కువ వేగానికి కంపెనీలు వాడేది కూడా ఇదే. ఒక్కో మోటారుకు సగం వోల్టేజీ వస్తుంది, వేగం దాదాపు సగమవుతుంది, పై లెక్క ప్రకారం తొలి క్షణపు కరెంటు ఒక్కో మోటారులో 24 ఆంపియర్లకు దిగుతుంది. బ్యాటరీ మీద పడే భారం 96 ఆంపియర్ల నుంచి అదే 24కు, అంటే నాలుగో వంతుకు తగ్గుతుంది. లోపం లేకపోలేదు. ఒక చక్రం ఇసుకలోనో తడి గడ్డిలోనో జారితే అది వోల్టేజీ మొత్తాన్ని తనవైపు లాగేసుకుంటుంది, రెండో చక్రం నిస్సహాయంగా ఉండిపోతుంది. అపార్ట్‌మెంటు సెల్లార్‌లోనో డాబా మీదో తిరిగే బండికి ఇది పెద్ద ఇబ్బంది కాదు.

మూడో మార్గం పీడబ్ల్యూఎం కంట్రోలర్. ఇది కరెంటును సెకనుకు వేలసార్లు తెరిచి మూసి, సగటు వోల్టేజీని తగ్గిస్తుంది. వేడి తక్కువ, ఎత్తు ఎక్కేటప్పుడు బలం నిలుస్తుంది, కొన్ని రకాలలో వోల్టేజీ మెల్లగా పెరిగే ఏర్పాటు కూడా ఉంటుంది. అయితే దీని గురించి రెండు విషయాలు తప్పక తెలియాలి. మొదటిది, ఇందులో కరెంటును తెరిచి మూసే ఎలక్ట్రానిక్ స్విచ్ అయిన మాస్‌ఫెట్ కాలిపోయినప్పుడు తరచుగా షార్ట్ అయి ఉండిపోతుంది. అంటే వేగాన్ని అదుపు చేయవలసిన భాగం చెడిపోతే బండి పూర్తి వేగం అందుకుంటుంది. ప్యారలల్‌లో ఉన్న మోటార్లకు 10 ఆంపియర్ల చవక కంట్రోలర్ తగిలించడం ఆ ప్రమాదాన్ని కోరి తెచ్చుకోవడమే. రెండవది, సాధారణ కంట్రోలర్ బండిని నెట్టగలదు గానీ పల్లంలో పట్టి ఉంచలేదు. సెల్లార్ ర్యాంపు దిగుతున్న బండి మనం పెట్టిన పరిమితిని దాటి పోతుంది; ప్యారలల్‌లో ఒక్కో మోటారు ఎదురు వోల్టేజీ బ్యాటరీ వోల్టేజీని మించే వరకు దానికి అడ్డు లేదు. సిరీస్‌లో ఆ రెండు వోల్టేజీలు కూడుకుంటాయి కాబట్టి, ఆ అడ్డు సగం వేగం దగ్గరే ఎదురవుతుంది.

అందుకే నేను ముందు మోటార్లను సిరీస్‌లో కలిపి, ఆ పైన, నెమ్మదిగా కదిలే ఏర్పాటు కోసం మాత్రమే, 24 ఆంపియర్లకు తగినంత మిగులు సామర్థ్యం ఉన్న కంట్రోలర్‌ను పెట్టాను. కంట్రోలర్ కాలిపోయినా బండి సగం వేగాన్ని దాటదు. పరిమితిని ఎలక్ట్రానిక్స్‌కు వదిలేయకుండా వైరింగులోనే ఉంచాలన్నది ఈ పని మొత్తంలో నేను గట్టిగా పట్టుకున్న సూత్రం.

కంట్రోలర్‌ను ఎక్కడ పెడతామన్నది కూడా ముఖ్యమే. చాలా బండ్లలో పెడల్ మీద నుంచి కాలు తీయగానే స్విచ్ మోటారు రెండు కొసలను ఒకదానితో ఒకటి కలిపేస్తుంది, తిరుగుతున్న మోటారు జనరేటరుగా మారి తనను తానే ఆపుకుంటుంది. ఈ బండ్లకు ఉన్న అసలు బ్రేకు ఇదే. పెడల్‌కూ మోటారుకూ మధ్య ఏది చొప్పించినా ఈ బ్రేకు దెబ్బతినే అవకాశం ఉంది. బ్యాటరీకీ పెడల్‌కూ మధ్య పెడితే చెక్కుచెదరదు. రిమోట్ ఉన్న కార్ల సంగతి వేరు. వాటి రిసీవర్ బోర్డుకు నిలకడైన 12 వోల్టులు కావాలి కనుక దాని ముందు పీడబ్ల్యూఎం పెట్టకూడదు. అటువంటి వాటిలో రిమోట్‌లోనే వేగం తగ్గించే మీట ఉంటే అదే వాడుకోవాలి.

ఇక ఫ్యూజు. బండితో వచ్చిన బ్యాటరీ పోయాక, అదే కొలతలో ఉండే 12 వోల్టుల 7 ఆంపియర్ అవర్ యూపీఎస్ బ్యాటరీని వీధి చివరి దుకాణంలో తెచ్చి బిగించడం మన దగ్గర మామూలే. కొన్ని కార్లలో ఫ్యూజు పాత బ్యాటరీ తీగలోనే ఉంటుంది, బ్యాటరీతో పాటు అదీ చెత్తబుట్టకు పోతుంది. ఆ తరువాత వైరు ఎక్కడ రాసుకుపోయి షార్ట్ అయినా బ్యాటరీ వందల ఆంపియర్లు ఇవ్వగలదు. 1998లో అమెరికాలో ఫిషర్ ప్రైస్ సంస్థ సుమారు కోటి పవర్ వీల్స్ అనే పిల్లల బ్యాటరీ బండ్లను వెనక్కి పిలిచి బాగుచేయవలసి వచ్చింది. విద్యుత్ భాగాలు వేడెక్కి మంటలు లేవడం, కొన్ని బండ్లు ఆగకుండా పోవడం అందుకు కారణాలు. 2001లో ఆ సంస్థ 11 లక్షల డాలర్ల జరిమానా కట్టింది. పెద్ద కర్మాగారంలో తయారైన బండ్లకే అలా జరిగినప్పుడు, ఇంట్లో మనం అతికే ప్రతి జాయింటునూ అనుమానంతోనే చూడాలి. మన దేశంలో 2021 జనవరి 1 నుంచి బొమ్మలకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి అయింది. కొనేటప్పుడు అది చూసుకోవడం మంచిదే, కానీ మనం విప్పి మార్చిన వైరింగుకు ఆ గుర్తు హామీ ఇవ్వదు.

మార్పు పూర్తయ్యాక బిడ్డను ఎక్కించే ముందు అంతే బరువున్న బియ్యం మూట సీటులో పెట్టి కట్టి, గడప మీద, ర్యాంపు మీద, రివర్స్‌లో నడిపించి చూశాను. ప్రతిసారీ వైర్లను, కంట్రోలర్‌ను, మోటారు పైభాగాన్ని చేత్తో తాకి వేడి పరీక్షించాను. చేయి ఆనించి ఉంచలేనంత వేడి ఎక్కడైనా ఉంటే అక్కడ వైరు సన్నదో, కనెక్టరు వదులుగా ఉందో, గేరు బిగుసుకుందో తేల్చాలి. అది తేలేవరకు బండిని పిల్ల చేతికి ఇవ్వకూడదు. వేగం సరిచేసే నాబ్‌ను బ్యాటరీ అర లోపల, స్క్రూ తీస్తేనే అందేలా బిగించాను.