పల్లం మట్టిలో బంక లేదట!

కోనసీమ తీరం మట్టిలో ఇసుక, బంక ఎంతెంతో కొలిచిన ప్రాజెక్టు రిపోర్టు నిన్ననే ఇచ్చేశాను. ల్యాబ్ మీద మంట మాత్రం ఇంకా చల్లారలేదు.

అమలాపురం నుంచి సముద్రం వైపు వెళ్తుంటే తీరానికి సమాంతరంగా ఇసుక మెరకలు, మధ్యమధ్య పల్లాలు. గోదావరి తెచ్చిన ఇసుకని అలలు ఒడ్డున పేర్చగా మిగిలిన పాత తీరాలే ఆ మెరకలు. ఉపగ్రహ చిత్రంలో ఇట్టే తెలుస్తాయి: ఊళ్లు, కొబ్బరి మెరక మీద, వరి పల్లంలో. ఆగర్ (మట్టి నమూనా తీసే చేతి బర్మా) పని కాలవల్లో నీళ్లు ఆపేశాక పెట్టుకోండి. మెరక మీద నీరు తగిలాక ఇసుక గుంటలోకి జారిపోతుంది, పీవీసీ పైపు దింపి దాని లోపల తవ్వాలి. ఇసుకని జల్లెళ్లు పట్టడం పెద్ద పనేం కాదు.

చంపింది పల్లం మట్టే. పిపెట్ పరీక్షలో (మట్టిని నీళ్లలో కలిపి, పెద్ద రేణువులు దిగాక గొట్టంతో కొంత తీసి, ఎండబెట్టి తూచడం) బంక, అంటే 2 మైక్రాన్ల కంటే సన్నటి రేణువులు, దాదాపు సున్నా! పొలం రైతు నవ్వేశాడు: "కాలు పెడితే చెప్పు ఊడొస్తాదండి, బంక లేదంటారేంటండి?" ల్యాబ్‌లో మాత్రం, తూకం సరిగ్గా వేయడం నేర్చుకోమని అందరి ముందూ అన్నారు.

కారణం ఉప్పు. తీరం దగ్గరి మట్టిలో ఉప్పుంటే బంక రేణువులు గడ్డకట్టి విరిగిన పాలలా అడుక్కి దిగిపోతాయి, పైన నీళ్లు తేటపడతాయి, పిపెట్‌కి బంక అందదు. గోడకి అంటించిన పద్ధతి కాగితంలో కడగమన్న మాటే లేదు. డిస్టిల్డ్ వాటర్ పోసి కలిపి, రాత్రంతా ఉంచి, పై తేట తీసేయాలి. ఆ తేటలో సిల్వర్ నైట్రేట్ చుక్క వేస్తే తెల్లబడుతున్నంత కాలం మళ్లీ కడగాల్సిందే. ఉప్పు పోయాక నీళ్లు తేటపడటం మానేస్తాయి, అదే గుర్తు. పిపెట్‌కి పెట్టే మట్టిని ఓవెన్‌లో ఎండబెట్టకండి, గడ్డలు మళ్లీ విడవవు. తేమ లెక్కకి వేరే ముక్క తీసుకోండి.

ఇంకో మెలిక: పిపెట్‌తో ఎప్పుడు తీయాలో చెప్పే పట్టికల్లో వేళలు 20 డిగ్రీలకి. 2 మైక్రాన్ల రేణువు 10 సెంటీమీటర్లు దిగడానికి అక్కడ సుమారు 7 గంటల 45 నిమిషాలు. మన వేసవిలో నీళ్లు 30 డిగ్రీలుంటాయి, సుమారు 6 గంటల 10 నిమిషాలకే తీయాలి. ఆలస్యమైతే బంక తక్కువ చూపిస్తుంది.

రేణువులు అంటుకోకుండా లీటరుకి 5 గ్రాముల సోడియం హెక్సామెటాఫాస్ఫేట్ కలిపితే, ప్రతి 20 మిల్లీలీటర్ల పిపెట్ తూకంలోంచి దాని బరువు 0.1 గ్రాము తీసేయండి. ఈ సంగతీ ఆ కాగితంలో లేదు.