జూలై 6 పేజీ ఎంతవరకు వచ్చింది

తేదీకొక పేజీ చొప్పున సంగీతకారుల పుస్తకం రాసుకుంటున్నాను. ఈ వర్షాకాలమంతా జూలై 6 మీదే ఉన్నాను. 1930లో మంగళంపల్లి బాలమురళీకృష్ణ పుట్టిన రోజది. ఆయన పుట్టిన శంకరగుప్తం మా రాజోలుకు దగ్గరే. కోనసీమలో కూర్చుని రాసే పుస్తకం మరో తేదీతో మొదలుకావడం నాకు ఇష్టం లేకపోయింది.

వాడుతున్నది పొడవాటి రూళ్ల పుస్తకం. ఎడమవైపు జననాలు, కుడివైపు మరణాలు, అడుగున విశేషాలు. ఏ పేరైనా ముందు పెన్సిలుతోనే. ఒకదాన్ని చూసి మరొకటి ఎత్తిరాయని రెండు ఆధారాలు దొరికాకే పెన్ను. మా ఊళ్ల తేమకు జెల్ పెన్ను సిరా పాకుతుంది, బాల్ పెన్నే మేలు.

ఇంత పట్టింపు అవసరమేనని అమెరికా జాజ్ సంగీతకారుడు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ గడి నింపుతున్నప్పుడు గట్టిగా అనిపించింది. ఆయన 1971 జూలై 6న కన్నుమూశారు, అందులో పేచీ లేదు. పుట్టినరోజు 1900 జూలై 4 అని ఆయనే చెప్పుకునేవారు. ఆయన పోయాక బయటపడిన చర్చి బాప్తిస్మ రికార్డులో మాత్రం 1901 ఆగస్టు 4 అని ఉంది.

మన పాతతరం వాగ్గేయకారులతో చిక్కు వేరు. త్యాగరాజస్వామి సిద్ధి పొందింది 1847 జనవరి 6న. ఆరాధన జరిగేది పుష్య బహుళ పంచమినాడు కాబట్టి తేదీ ఏటా మారుతుంది. తిథులకోసం పుస్తకం చివర మాసానికొక పేజీ వదిలాను. ఉగాదికి కొత్త పంచాంగం కొన్నాక ఆ ఏటి తేదీ పక్కన పెన్సిలుతో వేస్తాను.

జూలై 6 జననాల్లో రాక్ అండ్ రోల్ గాయకుడు బిల్ హేలీ (1925), పియానో విద్వాంసుడు అష్కెనాజీ (1937) స్థిరపడ్డారు. మరణాల్లో ఇటలీ సినీ స్వరకర్త ఎన్నియో మోరికోనే (2020) ఉన్నారు. అడుగున 1957: లివర్‌పూల్‌లోని వూల్టన్ చర్చి ఉత్సవంలో పదహారేళ్ల జాన్ లెన్నన్‌కు పదిహేనేళ్ల పాల్ మెకార్ట్నీ (ఇద్దరూ తర్వాతి బీటిల్స్ బృందం వాళ్లే) పరిచయమైన రోజు.

బాలమురళి గడి మాత్రం పక్క గడిలోకి పొంగింది. కర్ణాటక సంగీతానికి మూలరాగాలైన 72 మేళకర్తల్లోనూ కృతులు కట్టిన మనిషిని ఒక్క వరుసలో ఎలా సరిపెట్టగలను? లవంగి రాగం గురించి రాస్తూ స రి మ ద అన్న నాలుగు స్వరాలూ విడివిడిగా వేశాను. ఆ నాలుగింటితోనే ఆయన ఒక రాగాన్ని నిలబెట్టారు.

ఈ పేజీలో నన్ను నిద్రపోనివ్వని సంగతి మరొకటి. స్పెయిన్ స్వరకర్త హోవాకిన్ రోద్రిగో 1999 జూలై 6న మాడ్రిడ్‌లో మరణించారు. ఆయన పుట్టింది 1901 నవంబర్ 22న. బాలమురళి చెన్నైలో కన్నుమూసింది 2016 నవంబర్ 22న. ఒకరి జననం మరొకరి మరణం, అటునుంచీ ఇటునుంచీ! నాలుగు తేదీలనూ మళ్లీ సరిచూసి, రెండు పేర్ల మధ్య ఎర్ర పెన్సిలుతో గీత గీశాను. రోద్రిగోకు మూడేళ్ల వయసులోనే చూపు పోయింది. స్వరాలను బ్రెయిలీలో రాసుకునేవారు.

కాబట్టి రెండో పేజీ నవంబర్ 22. క్రైస్తవులు సంగీతానికి రక్షకురాలిగా కొలిచే సెయింట్ సిసీలియా పండుగ కూడా ఆ రోజే. ఆ రోజు పుట్టిన ఇంగ్లండ్ స్వరకర్త బెంజమిన్ బ్రిటన్ (1913) పేరు పెన్సిలుతో ఎక్కింది, రెండో ఆధారం వెతకాలి.