బొగత వాగులో పసుప్పచ్చ తూనీగలు

హన్మకొండలో ఎక్కిన వెంకటాపురం బస్సులో ములుగు దాకా కడ్డీ పట్టుకుని వేలాడాను. పస్రాలో సీటు దొరికింది గానీ కింద ఎవరిదో కోళ్ల బుట్ట. కాళ్లు పైకి ముడుచుకునే కూర్చోవాలి. తాడ్వాయి అడవి, ముల్లకట్ట వంతెన, గోదావరి మీకందరికీ తెలిసినవే, వాటి గురించి చెప్పను.

బొగత జలపాతం దగ్గర అన్నీ డబ్బుతోనే. మక్కకంకి నలభై రూపాయలు, అదీ మాడింది. చీకుపల్లి వాగు నిండుగా దూకుతున్నా, ఎవరో తెచ్చిన స్పీకర్ మోతలో నీళ్ల హోరు వినబడితే ఒట్టు. చిరాకేసి జనానికి దూరంగా, వాగు సాగిపోయే వైపు నడిచాను.

నాకొక పిచ్చి పట్టుకుంది. కర్ణాటకలోని ఆగుంబె వెళ్లినప్పుడు అక్కడి వానాడవి వాగులో స్ట్రీమ్ రూబీ అనే సన్న తూనీగను చూశాను. నల్లటి ఒంటి మీద ఎర్రటి చారలు, ఎండ తగిలితే రెక్కల్లోంచి ఊదా మెరుపు. రెండు మగవి ఎదురెదురుగా గాల్లో నిలబడి, నువ్వా నేనా అన్నట్టు రెక్కలు చూపించుకుంటున్నాయి. అప్పటినుంచి ఏ వాగు కనబడ్డా నా కళ్లు రాళ్ల మీదికే పోతాయి.

బొగతలో రూబీ దొరకదని తెలుసు. దానిది పడమటి కనుమల వైపు కొండవాగుల సంసారం. పిల్లదశంతా నీళ్లలోనే గడవాలి కాబట్టి నీడ, పారే నీరు తప్పనిసరి. మనవేమో ఆకురాల్చే టేకు అడవులు, ఎండాకాలం వచ్చేసరికి వాగులు సన్నబడిపోతాయి.

అయినా ఊరికే పోలేదు. ఒడ్డున నీళ్లు నిలిచిన గడ్డిలో కోరమాండల్ మార్ష్ డార్ట్‌ అనే సన్న తూనీగలు కనబడ్డాయి. 1798లోనే ఫాబ్రీషియస్ అనే కీటక శాస్త్రవేత్త పేరు పెట్టిన జాతి. చెరువైనా, మడైనా, గుంటైనా సర్దుకుపోతుంది. మగదాని వీపు లేత ఆకుపచ్చ, తోకంతా పసుపు కొమ్ము. పెద్ద తూనీగల్లా రెక్కలు చాపుకోకుండా వెనక్కి మడుచుకుని కూర్చుంటుంది. ఒక జంట దగ్గరకు మెల్లగా వంగాను. ఆడది గడ్డి కాడకు చిల్లి పెట్టి గుడ్లు దూరుస్తోంది. మగది తోక కొసతో దాని మెడ పట్టుకుని, కాళ్లకు ఏ ఆధారమూ లేకుండా నిటారుగా నిలబడింది! గాలి వీచినా వంగలేదు. ఆగుంబెలో కూడా ఇంత దగ్గరగా ఏదీ నన్ను చూడనివ్వలేదు.

"ఏంది సార్, గంట సేపటి సంది గడ్డినే జూస్తుండ్రు? ఏమన్న పోగొట్టుకున్నరా?" వెనక ఆటో తమ్ముడు. నన్ను దింపినవాడే, వెతుక్కుంటూ వచ్చాడు.

"తూనీగలు, తమ్మీ."

"గివా! మా మడి కాడ మస్తుంటయ్. గీటి కోసం వరంగల్ నుంచి అచ్చిండ్రా?"

అన్నది నిజమే. పరకాల దగ్గర మా అమ్మమ్మ వాళ్ల పొలం గట్ల మీద వీటిని పట్టి తోకకు దారం కట్టేవాళ్లం. తెగి చచ్చినవెన్నో. మగది ఆడదాని మెడ పట్టుకుని కాపలా ఉంటుందని అప్పుడెవరూ చెప్పలేదు, చెప్పినా వినేవాళ్లం కాదనుకోండి.

మెయిన్‌రోడ్డు దాకా నూటయాభై అన్నాడు. పట్టుమని పది నిమిషాల దారికి! వంద ఇస్తానంటే, "మీకోసం గిట్ల ఎవడు ఆగుతడు సార్" అని స్టార్ట్ చేశాడు. వెంకటాపురం నుంచి తిరిగొచ్చే బస్సుకు ఇక టైం లేదు. నూటయాభై ఇచ్చాను.