వెన్నెల లెక్క, మట్టి వేడి లెక్క

ఎండలు ముదిరే రోజుల్లో నాకు ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇది: "అక్కా, విత్తనాలు అమావాస్య దాటాక వేయాలా, పౌర్ణమి దాటాక వేయాలా?" నేను వెంటనే తిరిగి అడిగేది, "ముందు మట్టి వేడి ఎంతుందో చూశావా?" అని. చాలామంది చూసి ఉండరు. చంద్రుడి క్యాలెండర్ మాత్రం ఫోన్‌లో రెడీగా ఉంటుంది.

చంద్రుణ్ణి చూసి విత్తడం నాకూ ఇష్టమే. నా తోట పనులు ఇప్పటికీ అమావాస్య, పౌర్ణమిల చుట్టూనే తిరుగుతాయి. కానీ వేడి ఎక్కువగా ఉండే చోట కూరగాయలు పెంచేవాళ్లు తిథి కోసం ఆగి అదను పోగొట్టుకుంటుంటే బాధేస్తుంది.

అందరూ చెప్పే సూత్రం తెలిసిందే. వెన్నెల పెరిగే పక్షంలో ఆకుకూరలు, కాయగూరలు వేయాలి. తరిగే పక్షంలో ముల్లంగి, క్యారెట్ లాంటి దుంపలు వేయాలి. ఇది చాలా పాత నమ్మకం. ఒకటో శతాబ్దపు రోమన్ రచయిత ప్లినీ కూడా వ్యవసాయ పనులకు చంద్రుడి దశలు చెప్పాడు. 1924లో ఆస్ట్రియా తత్వవేత్త రుడాల్ఫ్ స్టైనర్ ఇచ్చిన వ్యవసాయ ఉపన్యాసాల నుంచి బయోడైనమిక్ అనే సేంద్రియ సాగు పద్ధతి పుట్టింది. తర్వాత జర్మనీకి చెందిన మరియా తూన్ చంద్రుడు ఏ రాశిలో ఉన్నాడన్నదాన్ని బట్టి వేర్ల రోజులు, ఆకు రోజులు, పూల రోజులు, పండు రోజులు అని క్యాలెండర్ వేశారు. పక్షాల పద్ధతినీ, ఈ రాశుల పద్ధతినీ పక్కపక్కన పెట్టి చూడండి. చాలాసార్లు ఒకటి మంచిదన్న రోజును రెండోది వద్దంటుంది.

పక్షాల సూత్రానికి చెప్పే కారణం సముద్రపు పోటు. చంద్రుడు సముద్రాన్నే లాగుతున్నప్పుడు మట్టిలో తడిని లాగడా అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. అయితే పోటు ఎక్కువగా వచ్చేది పౌర్ణమికి ఒక్కదానికే కాదు, అమావాస్యకూ వస్తుంది. ఆ లెక్కన రెండు పక్షాలూ ఒకేలా పనిచేయాలి, ఆకుకు ఒకటి దుంపకు ఒకటి అనే తేడా ఉండకూడదు. పైగా సముద్రం భూమంత పరుచుకుని ఉంది కాబట్టే ఆ లాగుడు కంటికి కనిపిస్తుంది. జానెడు కుండీలో తడిమీద దాని ప్రభావం లెక్కకు కూడా రాదు. వెలుతురు సంగతి చూసినా అంతే. నిండు పౌర్ణమి వెన్నెల దాదాపు పావు లక్స్ (వెలుతురు కొలత) ఉంటుంది, మిట్టమధ్యాహ్నపు ఎండ లక్ష లక్స్ దాకా ఉంటుంది. 2020లో స్పెయిన్‌లోని వాలెన్సియా విశ్వవిద్యాలయ పరిశోధకులు అప్పటిదాకా ఉన్న సమాచారాన్ని భౌతికశాస్త్రం, జీవశాస్త్రం వైపు నుంచి పరిశీలించి, పంటల మీద చంద్రుడి దశల ప్రభావానికి నమ్మదగ్గ ఆధారం లేదని అగ్రానమీ పత్రికలో రాశారు.

మరి "నేను పౌర్ణమికి ముందు వేస్తే బాగా మొలిచింది" అనేవాళ్లు అబద్ధం చెబుతున్నారా? లేదు. ఇక్కడే అసలు విషయం ఉంది. ఎండలు పెరిగే కాలంలో రెండు వారాలు గడిస్తే మట్టి రెండు మూడు డిగ్రీలు వేడెక్కిపోతుంది. రెండో విడత వేసిన బెండ మొదటి విడత కన్నా త్వరగా మొలుస్తుంది, ఎందుకంటే బెండకు వేడి మట్టే కావాలి. అదే రెండో విడత పాలకూర బద్ధకిస్తుంది. చల్లబడే కాలంలో ఇదంతా తిరగబడుతుంది. మధ్యలో చంద్రుడు ఒక పక్షం మారాడు కాబట్టి పేరు ఆయనకు వెళ్తుంది. ఒకే ప్యాకెట్ విత్తనాలు రెండు పక్షాల్లో వేసి చూసుకునేవాళ్లు ఆ రెండు రోజుల మట్టి వేడి కూడా పక్కన రాసుకుంటే, తేడా ఎక్కడి నుంచి వచ్చిందో వాళ్లకే కనిపిస్తుంది.

నేను మట్టిలో గుచ్చే థర్మామీటర్ వాడతాను. వేలు మొదటి కణుపు మునిగేంత లోతులో, ఉదయం ఒకసారి, మధ్యాహ్నం మూడింటికి ఒకసారి చూస్తాను. నల్ల ప్లాస్టిక్ కుండీ ఎండలో ఉంటే, ఎండ తగిలే వైపు మట్టి సులువుగా 40 డిగ్రీలు దాటుతుంది. నీడ వైపు అదే కుండీలో చాలా తక్కువ ఉంటుంది. వేర్లు అటు వైపే చేరి ఉండటం మొక్క పీకినప్పుడు మీరూ చూసే ఉంటారు.

ఒక్కో విత్తనానికీ ఒక్కో హద్దు ఉంటుంది. సలాడ్‌లో వాడే ఆకుకూర లెట్యూస్‌లో చాలా రకాలు 30 డిగ్రీలు దాటిన మట్టిలో మొలవనే మొలవవు. విత్తనం చచ్చిపోదు, నిద్రపోతుంది. దానికి తడి తగిలిన మొదటి కొన్ని గంటలే కీలకం, అందుకే పొద్దున కాకుండా సాయంత్రం విత్తి నీళ్లు పెడితే ఆ గంటలు రాత్రి చల్లదనంలో గడిచిపోతాయి. ఈ ఒక్క మార్పుతో వచ్చే ఫలితం ఏ పక్షం మార్చినా రాదు. పాలకూరా చల్లదనమే కోరుతుంది. క్యారెట్‌కు మట్టి వేడి కన్నా పైపొర ఆరిపోవడం పెద్ద సమస్య. మొలవడానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది, అన్నాళ్లూ పదను పోకూడదు. తడిపిన గోనెసంచి కప్పి, మొలక కనబడగానే తీసేయాలి. బెండ, అలసంద, తోటకూర, దోస మాత్రం 30, 35 డిగ్రీల మట్టిలో హాయిగా లేస్తాయి.

టమాటా దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే అందరూ ఓడిపోయేది అక్కడే. పూత రాలుతోందని మందులు కొడతారు. రాలిన పువ్వును ఒకసారి చేతిలోకి తీసుకుని చూడండి. రేకులు ఇంకా తాజాగానే ఉంటాయి. కాడ మధ్యలో చిన్న కణుపు ఉంటుంది, అది మాత్రం పసుపు రంగుకు తిరిగి అక్కడికి తెగి ఉంటుంది. పురుగు కొరికింది కాదు, తెగులు కాదు. మొక్కే వదిలేసింది. పగలు 32 నుంచి 35 డిగ్రీలు దాటి, రాత్రి కూడా 22, 24 కన్నా దిగకపోతే పుప్పొడి సరిగా తయారు కాదు. పైగా దెబ్బ తగిలేది పువ్వు విచ్చుకున్న రోజు కాదు, వారం పది రోజుల ముందు, మొగ్గలో పుప్పొడి రూపుదిద్దుకునే దశలో. ఈ రోజు చల్లగా ఉంది కదా పూత ఎందుకు రాలింది అని టెన్షన్ పడేవాళ్లు కిందటి వారం రాత్రుల వేడి చూసుకోవాలి.

అందుకని టమాటాకు వెనక నుంచి లెక్క కట్టాలి. మీ దగ్గర రాత్రులు ఎప్పటి నుంచి ఉక్కపోస్తాయో ఆ వారం గుర్తుపెట్టుకోండి. నారు ఎదగడానికి సుమారు నెల, నాటిన తర్వాత పూతకు మరో నెల, పిందె నిలబడటానికి ఇంకో రెండు మూడు వారాలు. అంటే ఆ ఉక్క రాత్రులకు కనీసం రెండున్నర నెలల ముందే విత్తనం మట్టిలో ఉండాలి. ఇంత బిగువైన లెక్కలో శుక్ల పక్షం కోసం రెండు వారాలు ఆగితే, మొదటి గుత్తులు పట్టే సమయం కాస్తా వేడి రాత్రుల్లో పడుతుంది.

ఇంత చెప్పి నేను చంద్రుణ్ణి ఎందుకు వదల్లేదంటే, విడతలుగా విత్తడానికి ఆయన్ని మించిన గుర్తు లేదు. అమావాస్య నుంచి అమావాస్యకు 29న్నర రోజులు, అందులో సగానికి పౌర్ణమి. తోటకూర, కొత్తిమీర, ముల్లంగి ఒక్కసారే అంతా చల్లేస్తే ఒక్కసారే చేతికొస్తాయి, వేడికి ఒక్కసారే పూతకూ వెళ్తాయి. ప్రతి అమావాస్యకు ఒక తొట్టె, ప్రతి పౌర్ణమికి ఒక తొట్టె వేసుకుంటే ఎప్పుడూ ఏదో ఒకటి కోతకు ఉంటుంది. త్వరగా వచ్చే ముల్లంగి రకాలు అమావాస్యకు వేస్తే తర్వాతి అమావాస్యకు పీకేయొచ్చు. తేదీ రాసుకోవాల్సిన పని కూడా లేదు, తలెత్తి చూస్తే చాలు.

నారు నాటడానికైతే పౌర్ణమి నాకు నిజంగా ఉపయోగపడుతుంది. ఎండాకాలంలో నారు సూర్యుడు దిగాకే నాటాలి, రాత్రంతా వేర్లు కుదురుకోవడానికి సమయం దొరుకుతుంది. పౌర్ణమి నాడు చంద్రుడు దాదాపు సూర్యాస్తమయం వేళకే వస్తాడు. లైటు పెట్టుకోకుండా, దానికి పురుగులు మూగకుండా, తీరిగ్గా నాటి నీళ్లు పోయొచ్చు. ఆ తర్వాత రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యం అవుతూ పోతాడు కాబట్టి, పౌర్ణమికి రెండు మూడు రోజుల ముందు నుంచే పని పెట్టుకుంటాను. మర్నాటి నుంచి వారం రోజులు సగం ఎండ ఆపే షేడ్ నెట్, మొక్క మొదలు చుట్టూ ఎండుటాకులు పరచడం (మల్చింగ్) తప్పనిసరి.

మీ మట్టి మధ్యాహ్నం 32 దాటుతుంటే ఈ పక్షంలో బెండ, అలసంద, తోటకూర వేసేయండి, ఏ తిథైనా ఫర్వాలేదు. లెట్యూస్, పాలకూర ప్యాకెట్లు గాలి చొరని డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో దాచండి. మట్టి మళ్లీ 25 దగ్గరికి దిగాక అమావాస్య, పౌర్ణమిల్లో ఏది ముందొస్తే ఆ సాయంత్రం బయటికి తీయొచ్చు.