ఎయిడ్స్ బొంతకు ప్యానెల్ కుట్టడం: నా అనుభవం

ఎయిడ్స్‌తో చనిపోయినవాళ్ల జ్ఞాపకార్థం అమెరికాలో కుట్టిన పెద్ద బొంత ఇది. ఒక్కొక్కరి పేరిట కుట్టి అందులో కలిపే గుడ్డే ప్యానెల్. ముందు కొలత. కుట్టు పూర్తయ్యేసరికి ప్యానెల్ 3 అడుగుల వెడల్పు, 6 అడుగుల పొడవు కచ్చితంగా రావాలి. ఇంచుమించు ఒక సమాధి కొలత అది. 1980లలో అమెరికాలో ఎయిడ్స్‌తో చనిపోయినవాళ్ల శవాలను తీసుకోవడానికి కొందరు అంత్యక్రియల నిర్వాహకులు నిరాకరించారు. జబ్బు పేరు బయటికి రాకుండా దాచుకున్న ఇళ్లున్నాయి. చివరిదాకా సేవ చేసిన సహచరుణ్ణి అంత్యక్రియలకే రానివ్వని ఇళ్లూ ఉన్నాయి. 1985 నవంబరులో శాన్‌ఫ్రాన్సిస్కోలో స్వలింగ సంపర్కుల హక్కుల ఉద్యమకారుడు క్లీవ్ జోన్స్, ఆయనతో ఊరేగింపులో నడిచినవాళ్లు చనిపోయినవాళ్ల పేర్లు అట్టల మీద రాసి ఫెడరల్ భవనం గోడకు అతికించారు. ఆ గోడ చూస్తే జోన్స్‌కు బొంత గుర్తొచ్చిందట. 1987 అక్టోబరు 11న వాషింగ్టన్ నేషనల్ మాల్‌లో 1,920 ప్యానెళ్లు పరిచారు.

గుడ్డ కోసే ముందే పేరు సంగతి తేల్చుకోండి. పూర్తి పేరా, ఇంటి పేరు వదిలేయాలా అన్న దగ్గరే తల్లిదండ్రులకూ సహచరుడికీ మాట కుదరదు. మొదటి పేరు మాత్రమే ఉన్న ప్యానెళ్లు బొంతలో చాలా ఉన్నాయి. నా మటుకు పూర్తి పేరే ఉండాలి. కానీ అందుకోసం తల్లిని నొప్పించి కుట్టడం సరికాదు.

నేను వాడింది సాగని, ఓ మోస్తరు మందం ఉన్న నూలు గుడ్డ. ముందు ఉతికి, ఇస్త్రీ చేసి, అంచు మడతకు నాలుగు వైపులా రెండున్నర అంగుళాలు వదిలి, 41 అంగుళాలకు 77 అంగుళాలు కోశాను. మీద అతుకులు కుట్టేకొద్దీ గుడ్డ లోపలికి లాక్కుంటుంది. అందుకే అంచు చివర్లో, మళ్లీ కొలిచాకే మడవాలి. ఎనిమిది ప్యానెళ్లు కలిపి 12 అడుగుల చదరంగా కుడతారు, ఒకటి పొట్టిదైతే పక్కవన్నీ ముడతలు పడతాయి.

జిగురు వద్దు. మడతపెట్టి విప్పుతుంటే పెళుసెక్కి ఊడిపోతుంది. గాజు ముక్కలు, చెమ్కీలు పక్క గుడ్డను చింపుతాయి. ఫొటోను నూలు గుడ్డ మీదికి ఇస్త్రీతో దింపి, ఆ ముక్కను కుట్టాలి.

చాలామంది చొక్కా తెస్తారు. కత్తిరించడానికి ఇంట్లోవాళ్లకు చేతులు రాకపోతే బలవంతపెట్టొద్దు, మొత్తంగానే కుట్టొచ్చు. కాలరు, భుజాలు, పక్కలు టాకాలు వేసి పట్టాక దగ్గర దగ్గరగా కుట్టండి. చొక్కా చేతులు కిందిదాకా కుట్టకపోతే ప్యానెల్ వేలాడదీసినప్పుడు జారిపోతాయి. టీషర్టు సాగుతుంది కాబట్టి ముందు దానికి అస్తరు వేయాలి. మొత్తం ప్యానెల్‌కూ వెనక అస్తరు ఉంటే మంచిది, నేల మీద పరిచినా ఆకారం చెడదు.

ప్యానెల్‌తో పాటు ఉత్తరం కూడా పంపాలి: మనిషి ఎవరు, ఎక్కడ బతికాడు, ఏం ఇష్టం, కుట్టింది ఎవరు. బొంత మీద రాయలేకపోయిన సహచరుడి పేరు ఇక్కడైనా రాయండి. ఒకసారి పంపాక ప్యానెల్ ఇంటికి తిరిగి రాదు, మరో ఏడింటితో కలిపి కుట్టేస్తారు. కాబట్టి చూడాల్సినవాళ్లంతా చూసి, ఫొటో తీసుకున్నాకే పెట్టెలో పెట్టండి.