పుట్టానని రుజువు చేసుకోవడానికి పట్టిన 13 నెలలు

మా అమ్మాయి జర్మనీలో పుట్టిన నాలుగో రోజున, ఆసుపత్రివారు ఇచ్చిన కాగితాలన్నీ ఒక ఫోల్డరులో సర్దుకుని, నేను ష్టాండెస్‌ఆమ్ట్‌కు, అంటే జనన, వివాహ, మరణాలను నమోదు చేసే కార్యాలయానికి వెళ్లాను. అక్కడి ఉద్యోగిని ముందుగా శుభాకాంక్షలు చెప్పి, మా ఇద్దరి పాస్‌పోర్టులు, నివాస అనుమతి కార్డులు, మా ఆవిడ జనన ధ్రువపత్రం, మా పెళ్లి పత్రం, వాటికి అధికారిక అనువాదకుడు చేసిన జర్మన్ అనువాదాలు ఒక్కొక్కటిగా చూసి పక్కన పెట్టుకుని, చివరికి “మరి మీ జనన ధ్రువపత్రం?” అని అడిగారు. బిడ్డ పుట్టుకను నమోదు చేయాలంటే ముందు తండ్రి పుట్టుక నమోదై ఉండాలన్న సంగతి ఆ క్షణం దాకా నాకు తట్టనే లేదు.

నేను 1986లో గోదావరి పక్క ఒక పల్లెటూళ్లో, ఇంట్లోనే, మంత్రసాని చేతుల మీదుగా పుట్టాను. పంచాయతీ రిజిస్టరులో రాయించాలన్న ధ్యాస ఎవరికీ లేకపోయింది. బళ్లో వేసిన రోజున మాస్టారు రాసుకున్న తేదీయే పదో తరగతి మార్కుల జాబితాకెక్కింది. 1989 జనవరి 26కు ముందు పుట్టినవారిని పాస్‌పోర్టు కార్యాలయం జనన ధ్రువపత్రమే కావాలని పట్టుబట్టేది కాదు కనుక, ఆ జాబితాతోనే పాస్‌పోర్టు కూడా వచ్చింది. ఇదంతా వివరిస్తే ఆవిడ ఓపికగా విని, మార్కుల కాగితం చదువుకు రుజువు అవుతుంది గానీ పుట్టుకకు ఎలా అవుతుందని అడిగారు. న్యాయంగా చూస్తే దానికి నా దగ్గర జవాబు లేదు.

భారం నాన్న మీద పడింది. ఆలస్యంగా నమోదు చేయాలంటే, ముందుగా, ఇంతవరకు నమోదు కాలేదని పంచాయతీవారు ఒక కాగితం ఇవ్వాలి, ఆ కాగితం మీద విచారణ జరిగి ఆర్డీవో ఉత్తర్వు రావాలి, ఆ ఉత్తర్వు చూసి మళ్లీ పంచాయతీ రిజిస్టరులో ఎక్కించాలి. 70 దాటిన మనిషి ఎండలో బస్సెక్కి, “సారు మీటింగులో ఉన్నారు, సోమవారం రండి” అన్న మాట విని తిరిగివచ్చి, మళ్లీ సోమవారం వెళ్లి, మూడు నెలలకు ఆ పత్రం సాధించారు. సాధించిన ఆనందంలో, ఇంత కష్టపడి తెచ్చింది చిరగకూడదని, బజారులో దానికి శుభ్రంగా లామినేషన్ చేయించి కొరియరులో పంపారు.

ఉద్యోగిని ఆ పత్రాన్ని వెలుతురుకు పట్టి అటూ ఇటూ తిప్పి, ముద్ర ఉన్నచోట బొటనవేలితో తడిమి, ప్లాస్టిక్ కింద ఉన్నది అసలో నకలో తాను చెప్పలేనని తిరిగి ఇచ్చేశారు. పైగా అందులో నా పేరు ముందు ఇంటిపేరుకు బదులు ఒక్క పొడి అక్షరమే ఉంది; పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంది. ఆ అక్షరానికి అర్థమేమిటని ఆవిడ అడిగినప్పుడు, మా వైపు అందరూ అలాగే రాస్తారని చెప్పడం తప్ప నేను చేయగలిగింది లేదు. నాన్న మళ్లీ బస్సెక్కారు.

రెండో పత్రం వచ్చాక అసలు చిక్కు బయటపడింది. ఒక దేశం ముద్ర వేసి ఇచ్చిన పత్రాన్ని మరో దేశం వేరే తనిఖీ లేకుండా ఒప్పుకోవడానికి కుదిరిన అపోస్టిల్ ఒప్పందంలో భారతదేశం 2005 నుంచి ఉంది, కానీ జర్మనీ అభ్యంతరం తెలపడంతో ఈ రెండు దేశాల మధ్య అది చెల్లదు. అందువల్ల మన పత్రం నిజమైనదో కాదో తేల్చడానికి భారతదేశంలోని జర్మన్ దౌత్య కార్యాలయం ఒక న్యాయవాదిని నియమిస్తుంది. ఆ ఖర్చు, కొన్ని వందల యూరోలు, మనమే భరించాలి. ఆ న్యాయవాది మా ఊరు వెళ్లి, పంచాయతీలోనూ బడిలోనూ రిజిస్టర్లు చూసి, ఇరుగుపొరుగును కూడా వాకబు చేశారు. మా పక్కింటి మామ్మగారు అది పెళ్లి సంబంధం కోసం వచ్చిన ఆరా అనుకుని, “అయ్యో బాబూ, వాడికి పెళ్లయి పిల్ల కూడా పుట్టిందిగా” అన్నారట. నా పుట్టుక గురించి ఆమె సాక్ష్యం ఏమని నమోదైందో తెలియదు గానీ, మా అమ్మాయి పుట్టుకకు అంతకంటే గట్టి సాక్ష్యం ఉండదు.

ఈలోగా ఊరికే కూర్చునే వీలు లేదు. ఇక్కడ పుట్టిన బిడ్డకు ఆరు నెలల్లోగా నివాస అనుమతికి దరఖాస్తు పెట్టాలి, అందుకు పాస్‌పోర్టు కావాలి, పాస్‌పోర్టుకు జనన పత్రం కావాలి. తల్లిదండ్రులకు ఇచ్చే భత్యమేమో దరఖాస్తు ఆలస్యమైతే వెనకటి మూడు నెలలకు మించి రాదు. చివరికి ష్టాండెస్‌ఆమ్ట్‌వారు జనన ధ్రువపత్రానికి బదులు రిజిస్టరు నుంచి తీసిన నకలు ఇచ్చి, దాని అడుగున తండ్రి గుర్తింపు రుజువు కాలేదని ఒక వాక్యం చేర్చారు. దానితో పనులు నడిచాయి. అయినా కూతురి మొదటి కాగితం మీద ఆ వాక్యం చదువుకున్న రోజు నాకు అన్నం సహించలేదు. ఎవరూ విసుక్కోలేదు, ఎవరూ లంచం అడగలేదు, ప్రతి ఉత్తరమూ “గౌరవనీయులైన” అనే మొదలైంది. కోపం చూపించడానికి ఎదురుగా ఒక్క మనిషి కూడా దొరకకపోవడమే నన్ను ఎక్కువ బాధించింది.

అమ్మాయికి 13 నెలలు నిండాక, ఆ వాక్యం లేని అసలైన ధ్రువపత్రం పోస్టులో వచ్చింది. వెంటనే నాన్నకు వీడియో కాల్ చేసి చూపించాను. ఆయన కళ్లద్దాలు సవరించుకుని, పైనుంచి కింది దాకా చూసి, “బాగుందిరా, ముందు దానికి లామినేషన్ చేయించు” అన్నారు.